కరెంటు ఆయనది, పెట్రోలు నాది

తెనాలిలో పాత పెట్రోలు లారీకి టైమింగు పెట్టాలంటే ఒకప్పుడు ఇద్దరం నిలబడేవాళ్లం. బానెట్‌కు ఆ పక్క కరెంటు పని చూసే మా భాయ్, ఈ పక్క నేను. నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టాలో తేల్చే డిస్ట్రిబ్యూటర్ ఆయన చేతిలో, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ నా చేతిలో. కరెంటు ఆయనది, పెట్రోలు నాది. ఆయన వెంట్రుకవాసి తిప్పి వేలెత్తేవాడు, నేను స్క్రూ తిప్పేవాణ్ణి. మాటలతో పనుండేది కాదు.

మొన్న రేపల్లె మిల్లు యజమాని తన తాతల నాటి లారీని నా షెడ్డుకు లాగించుకొచ్చాడు. అది తనంతట తానే నడిచి మిల్లు గేటు దాటాలని అతని పట్టుదల. ఇప్పుడు బానెట్‌కు ఆ పక్క ఎవరూ లేరు. భాయ్ పోయి ఏడాదయింది. రెండు పక్కలకూ నేనే తిరిగాను. అలవాటుకొద్దీ రెండుసార్లు తలెత్తి వేలు కోసం చూశాను కూడా.

మా ఇద్దరికీ చెడింది ఈ బండి దగ్గరే. పదేళ్ల కిందట నేను కార్బురేటర్ విప్పి బిగించాక ఇది తుమ్మడం మొదలుపెట్టింది. యాక్సిలేటర్ తొక్కితే చాలు, కార్బురేటర్ నోట్లోంచి ఫట్‌మని వెనక్కి తన్నేది.

"టైమింగు తప్పింది భాయ్" అన్నాను.

"నేను కొట్టిన గీత మీదే ఉంది బావా. నీ కార్బురేటరే ఎక్కడో గాలి పీలుస్తోంది, ఓసారి విప్పి చూడరాదూ" అన్నాడు.

అదీ డ్రైవర్లందరి ముందు. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. "కరెంటువాడివి కరెంటు చూసుకో, నాకు పెట్రోలు నేర్పకు" అన్నాను. ఆయన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. నేనే డిస్ట్రిబ్యూటర్ ఇష్టమొచ్చినట్టు తిప్పి, ఎలాగో నడిపించి పంపేశాను. మిల్లువాళ్లు విసిగి దాన్ని ఓ మూల పడేశారు.

ఆ వారంలోనే బాపట్లలో ఆయన కూతురి పెళ్లి. నేను వెళ్లలేదు. వెళ్లకపోతేనే పరువు దక్కుతుందనుకున్నాను. తర్వాత ఆయన షాపు మూసేసి కూతురి దగ్గరికే వెళ్లిపోయాడు. బాపట్ల ఏమంత దూరమని? పదేళ్లలో ఒక్కసారి రైలెక్కాను, ఆయన్ని ఖననం చేసిన రోజున. వెనకాల నిలబడి, ఎవరి కంటా పడకుండా వచ్చేశాను.

లారీ స్టార్టవగానే మళ్లీ అదే తుమ్ము. రెండు రోజులు టైమింగు ముందుకీ వెనక్కీ జరిపాను. చివరికి గుడ్డతో మడ్డి తుడిస్తే ఆయన ఉలితో కొట్టిన గీత కనిపించింది. సగం డిస్ట్రిబ్యూటర్ మీద, సగం ఇంజన్ మీద. రెండు సగాలనూ కలిపి బిగించాను. తుమ్ము తగ్గింది గానీ పోలేదు. అప్పుడు, పదేళ్ల కిందట చేయాల్సిన పని చేశాను. కార్బురేటర్ అడుగున అతుకు చుట్టూ నాలుగు చుక్కల నూనె పోశాను. నూనె సందును మూయగానే ఇంజన్ టక్కున సర్దుకుంది. గాలి పీలుస్తున్నది అక్కడే.

విప్పాను. అతుకులో గాలి దూరకుండా వేసే గాస్కెట్ కాగితం లేనప్పుడు చేతికందిన అట్టను పెట్టి, అంచుల వెంట సుత్తితో తట్టి కోసుకోవడం మా మెకానిక్కుల అలవాటు. పెళ్లికార్డులైతే మందంగా ఉంటాయని మరీ ఇష్టం. ఆ అతుకులోంచి వచ్చిన ముక్క గోధుమరంగుకు తిరిగి, ఓ అంచున చీలిపోయి ఉంది. దాని మీద బంగారు రంగు అక్షరాలు ఇంకా ఉన్నాయి. 'నికా' అని, కింద 'బాపట్ల' అని.

కార్డు ఇచ్చినప్పుడు "నాకు తేదీ తెలీదా, కార్డెందుకు భాయ్?" అని నవ్వి బల్ల మీద పెట్టడం గుర్తుంది. కోసింది మాత్రం గుర్తులేదు. పానా పట్టుకునే కింద కూలబడి ఏడ్చాను. షెడ్డులో చూసేవాళ్లు కూడా ఎవరూ లేరు.

కొత్త గాస్కెట్ వేశాను. మా డెల్టాలో గుట్టలు లేవు, బండి సత్తా తెలియాలంటే రైలు వంతెన ఎక్కించాల్సిందే. ఒక్క తుమ్ము లేకుండా ఎక్కింది. అలాగే రేపల్లె చేరింది.

"టైమింగు భలే పెట్టారండి మేస్త్రిగారూ!" అన్నాడు యజమాని.

"అది నేను పెట్టింది కాదండి. అప్పట్లో మా భాయ్ పెట్టిందే సరైంది. తప్పంతా నా కార్బురేటర్‌దేనండి."

"ఎవరిదైతే ఏంటండి, నడిచిందిగా!" అంటూ హారన్ కొట్టాడు.

తిరుగు బస్సులో జేబులోని ముక్కను తడిమి చూసుకున్నాను. తప్పు నాదని చెప్పడానికి నాకు పదేళ్లు పట్టింది. ఆ మాట ఎవరికి కావాలో ఆయనకు తప్ప అందరికీ చెప్పగలను.