మంచె మీద హాజరు

నా చిన్నప్పుడు, శంషాబాద్ పక్కన మా ఊళ్లో, బడి గోడ దాటితే మా జొన్న చేనే. నేను నాలుగో తరగతిలో ఉండగా, కంకులు పాలు పట్టే వేళకు, మా బాపు నన్ను బడి మాన్పించి, పిట్టలను తోలడానికి మంచె ఎక్కించాడు. తోటి పిల్లలకు పన్నెండో ఎక్కం వచ్చింది, నాకు మంచె ఎక్కడం వచ్చింది. ఆ చేను ఇప్పుడు ఎయిర్‌పోర్టు ప్రహరీ లోపల కలిసిపోయింది. విమానాలకు అడ్డం రాకుండా పిట్టలను తోలే మనుషులు అక్కడ ఇప్పటికీ ఉన్నారట. అంటే నా ఉద్యోగం ఇంకా రద్దు కాలేదన్నమాట.

పిట్టలను తోలడం పెద్ద విద్యేమీ కాదు. వడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పి విసరాలి, వెంటనే 'హో' అని అరవాలి. నా గురి చూసి ఏ పిచ్చుకా ప్రాణాలకు భయపడిన పాపాన పోలేదు. కష్టమల్లా పొద్దంతా పలకరించే మనిషి లేకపోవడమే. అమ్మ పోయి అప్పటికి ఏడాది. ఇంట్లో మేమిద్దరమే, బాపుకు మాటలు తక్కువ. మిట్టమధ్యాహ్నమైతే నా నీడ కూడా నన్ను వదిలి మంచె కిందికి పోయేది.

పొద్దున్నే బడిలో హాజరు వేయడం నాకు వినబడేది. పనుల కాలంలో బడి మానిన పిల్లల పేర్లు పిలవకుండా దాటేయడం మా ఊరి అలవాటు. నెలాఖరున ఆ పేర్లమీద గీత పడేది. ఆ ఏడు కొత్తగా వచ్చిన మా సారు మాత్రం రోజూ నా పేరు పిలిచేవారు. పిలిచి కాసేపు ఆగేవారు. ఆ కాసేపూ పిల్లల అలికిడి కూడా ఉండేది కాదు. ఆ తర్వాతే ఇంకో పిల్ల పేరు వినబడేది. లోకంలో ఎవరైనా నా కోసం ఆగేది అప్పుడొక్కసారే అనిపించేది. దాని కోసమే తెల్లవారగానే మంచె ఎక్కేదాన్ని. బాపు మాత్రం నాకు పని మీద శ్రద్ధ పెరిగిందనుకున్నాడు.

ఒకరోజు నీళ్లకు పోతూ పక్కింటి అక్క కిందినుంచి కేకేసింది. "రేపటికి నెల ఒడుస్తది పిల్లా! నీ పేరు కొట్టేస్తరంట. ఇగ పిట్టలకే నువ్వు పంతులమ్మవు!"

మర్నాడు నా పేరు వినబడింది. సారు ఆగారు. ఏమైందో తెలియదు, ఒక్కసారిగా లేచి నిలబడి "హాజర్ సార్!" అని గొంతు చించుకున్నాను. చేనంతా పిట్టలు లేచిపోయాయి. బడంతా గొల్లున నవ్వింది. నేను మంచె మీద ముడుచుకుని కూలబడ్డాను.

మధ్యాహ్నం గంట కాగానే సారు గట్టు మీదుగా వచ్చారు. ఆ రోజు బాపు కూడా చేనులోనే ఉన్నాడు.

"ఏంది సార్, గిట్ల వచ్చిన్రు?"

"మీ బిడ్డ హాజర్ పలికింది. మనిషి ఏడున్నదో చూద్దామని వచ్చిన."

బాపు నవ్వాడు. "పేరు బళ్లె ఉన్నది, పిల్ల చేన్ల ఉన్నది. రెండు పన్లు నడుస్తున్నయ్ కద సార్! పిట్టలు తింటే మేమేం తినాలె? మా పిల్ల, మా చేను."

"చేను మీదే. చదువు మాత్రం ఆమెది. ఆమెనే అడుగుదాం."

ఇద్దరూ తలలెత్తి నా వైపు చూశారు. 'తిన్నవా' అన్నది తప్ప అంతకుముందు ఏ పెద్దవాళ్లూ నన్ను ఏమీ అడగలేదు. "బాపు ఎట్లంటె గట్ల" అన్నాను, అలవాటుగా. సారు ఆ మాటను ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. అలాగే నిలబడ్డారు. పిచ్చుకలు తిరిగి వచ్చి కంకుల మీద వాలాయి. ముగ్గురిలో ఒక్కరమూ వాటిని తోలలేదు. చివరికి, "బడికి పోత బాపు" అన్నాను.

బాపు నన్ను దింపి, వడిసెల అందుకుని తానే ఎక్కాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తరగతిలో కూర్చుంటే, చేను మీంచి ఆయన 'హో' అన్న కేక ఒంటరిగా వినబడేది. అది వినబడినప్పుడల్లా పన్నెండో ఎక్కం తప్పేదాన్ని. హక్కు అనే మాట నాకప్పటికి తెలియదు. నాది నాకు దక్కితే ఇంకొకరు ఒంటరి కావచ్చన్న సంగతి మాత్రం తెలిసింది. అయినా అడిగినందుకు ఇప్పటికీ చింత లేదు.

మొన్న మా అమ్మాయి ఇంట్లో మనవరాలిని హాస్టల్‌లో వేయాలని పెద్దవాళ్లు నిర్ణయించేశారు. పెట్టె ఏ రంగుదో కూడా తేల్చేశారు. పిల్ల అక్కడే కూర్చుని గోళ్లు గిల్లుకుంటోంది. సాయంత్రం డాబా మీద, "నీకేమనిపిస్తున్నది బిడ్డా?" అన్నాను. "అమ్మ ఇష్టం" అంది. నేను ఇంకేమీ అడగలేదు. సారు దగ్గర నేను సగం సగం నేర్చుకున్న పాఠాలే ఎక్కువ. పూర్తిగా వచ్చింది ఈ ఆగడం ఒక్కటే. తల మీదుగా విమానం ఒకటి చెవులు గింగిర్లెత్తించి పోయింది. దాని చప్పుడు సన్నగిల్లేదాకా ఆగాను. ఆ తర్వాత కూడా ఆగాను. పిల్ల మెల్లగా నా చెయ్యి పట్టుకుని, గొంతు సవరించుకుంది.