యుద్ధం రోజు క్షవరం

ముందు కత్తెర చప్పుడు వినిపిస్తుంది. ఆకుల మీద చినుకుల్లా నెమ్మదిగా పడుతుంటే లోకం క్షేమంగా ఉన్నట్టు. టకటకా పరుగందుకుందంటే ఆకాశం చీలి గ్రహాంతరవాసులు దిగినట్టు. అందుకే జనం సెలూన్ గుమ్మంలోనే ఆగి అడుగుతారు.

"ఏం మామా, ఇవాళ యుద్ధమా, శాంతా?"

యుద్ధం రోజు కూర్చున్నవాడి నెత్తిన పోచ మిగలదు. మొన్న ఫొటో దిగబోతూ వచ్చిన టైపిస్టు, రాజధాని కూలే ఘట్టంలో చిక్కుకుని గుండుతో లేచాడు. తిట్టుకుంటూ వెళ్లాడు. కత్తిరించడానికి ఏమీ లేకపోయినా మర్నాడు మళ్లీ వచ్చాడు, తర్వాత ఏమైందో వినాలి కదా!

కత్తెర మామ చదివేది ఒకటే కథ, గ్రహాంతరవాసులు భూమ్మీదికి దండెత్తే ఏడు పుస్తకాల సిరీస్. పొద్దున్నే చదువుకుని పగలంతా చెబుతాడు. పైనుంచి దిగినవాళ్లకు ఆఫీసరూ, అటెండరూ ఒకటే. ఇద్దర్నీ ఒకే తోకతో బాదుతారు. ఆ మాట వినగానే అటెండరు ముఖం అద్దంలో వెన్నెలవుతుంది. ఆఫీసరూ నవ్వుతాడు, దెబ్బలు తినేది తన పైఅధికారి అనుకుని. భూమి మునిగిపోతోందంటే ఎవరికి మాత్రం హాయిగా ఉండదు? రేపు డ్యూటీ ఉండదు!

ఎదురుగా కొత్త సెలూన్ వెలిసింది. అక్కడ ఏసీ ఉంది, ఇక్కడ గ్రహాంతరవాసులున్నారు. దాంతోనే దుకాణం నిలబడింది. తీరా ఆఖరి పుస్తకం ఆఖరికొచ్చేసింది.

"వాళ్లు ఓడిపోతే మనమేం తింటామయ్యా?" అంది భార్య.

"ఓడనిస్తేగా!"

పుస్తకం మూసి తనే అల్లడం మొదలెట్టాడు. చచ్చిన గ్రహాంతర సేనాపతి లేచి కూర్చున్నాడు. చంద్రుడి అవతల నుంచి అతని మేనమామలు బయల్దేరారు.

"వాళ్లకి మేనమామలేంటి మామా?" అన్నాడు టైపిస్టు.

"కుటుంబమన్నాక ఉండరూ?"

ఓ ఉదయం లెక్కల మాస్టారు గడ్డానికి కూర్చున్నారు. సగం గీశాక, బెంచీ మీదివాళ్లందరూ వినేలా అందుకున్నారు.

"ఆఖరి పుస్తకం నేనూ కొన్నానోయ్. అందులో ఏ మేనమామా లేడు. అసలు వాళ్లు పోయేది ఎలాగంటే..."

బెంచీ మొత్తం ముందుకు వంగింది. వీధి దాటి ఎదుటి ఏసీ చల్లదనంలోకి నడిచిపోతున్న వాళ్ల వీపులు అప్పుడే ఊహలో కనిపించాయి కత్తెర మామకి. కత్తి మాస్టారి గొంతు దగ్గర ఆగింది.

"మాట్లాడకండి మాస్టారూ, తెగుతుంది."

మాస్టారు టక్కున నోరు మూశారు. కత్తి మళ్లీ కదిలింది.

"హమ్మయ్య, అలా ఉండండి. గడ్డం సగంలోనే ఉంది, కథా సగంలోనే ఉంది."