ఆపింది నేనే

తొమ్మిదేళ్లపాటు ఒక ఊరి మంచినీళ్లు పరీక్షించి వదిలిన కెమిస్టు ఆమె. పరాయి దేశం వచ్చి ఏం చేస్తోందయ్యా అంటే, గోదాములో చొక్కాలు మడతపెట్టి అట్టపెట్టెల్లో సర్దుతోంది. మడతలు కుదురుగా పెడుతుందని సూపర్‌వైజరు మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోయేది. మండదూ మరి!

నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్లకు ఇంటర్వ్యూలకు వెళ్లకపోలేదు. వెళ్లిన ప్రతిచోటా ఒకటే తంతు. మీరేం చేశారని అడిగితే, "అంతా మా సార్ చలవండీ, నేనేదో నాకు చేతనైంది చేశాను" అనేది. గొప్పలు చెప్పుకోకూడదని చిన్నప్పట్నుంచీ నూరిపోశారు కదా. అడిగినవాళ్లేమో ఆ మాట నమ్మేసేవారు. ఆ సార్‌నే పిలుచుకుందామనుకున్నారో ఏమో, ఈమెను మాత్రం మళ్లీ పిలవలేదు.

ఆ ఆదివారం బావగారు వచ్చి తీరిగ్గా కూర్చున్నాడు.

"గోదాములో నిన్ను పర్మనెంట్ చేస్తామంటున్నారటగా. ఒప్పేసుకోమ్మా. రేపటి ఇంటర్వ్యూ కూడా అంతేలే. దొరికినదాంతో సర్దుకుపోవాలి."

ఆమె భర్త నేలచూపులు చూశాడు. వంటింట్లోంచి అత్తగారు గరిటెతో సహా వచ్చేసింది.

"నువ్వు నోర్ముయ్యరా!" అని పెద్దకొడుకును కసిరి, కోడలివైపు తిరిగింది. "వరదొచ్చిన ఏడు నీళ్లు బాగాలేవని ఊరంతటికీ ఆపేశావా లేదా? జనం ఖాళీ బకెట్లతో మన గుమ్మం మీదికొస్తే, 'ఆపింది నేనే, బాగయ్యేదాకా వదలను, ఏం చేసుకుంటారో చేసుకోండి' అన్నావా లేదా? మీ సార్ వదిలెయ్యమన్నాడు కూడానూ! ఇంట్లో నామీద ఒంటికాలి మీద లేస్తావే, అక్కడికెళ్లి నోట్లో నాలుక లేనట్టు కూర్చుంటావేం?"

కోడలికి చురుక్కుమంది. నిజం కదా మరి.

మర్నాడు ప్లాంటులో ఆమె ఎదురుగా మేనేజరు, అతని పక్కన ల్యాబ్‌కు హెడ్డయిన పెద్దావిడ. అద్దాల గోడ అవతల నీళ్ల తొట్లు. క్లోరిన్ వాసన తగలగానే ఆమెకు పుట్టింటికొచ్చినంత ధైర్యమొచ్చింది.

"మీరు చేసిన పని ఒకటి చెప్పండి" అన్నాడు మేనేజరు.

"మా సార్..." నాలుక అలవాటుకొద్దీ అటే పోయింది. చటుక్కున ఆగింది. "కాదండీ. వరదలో నీళ్లు పాడైతే ఊరికి సరఫరా ఆపింది నేనే. మా సార్ వదిలెయ్యమన్నారు. నేను వదల్లేదు."

మేనేజరు మొహం ముడుచుకుంది. "రేపిక్కడ నేను వదిలెయ్యమంటే?"

ఉద్యోగం చేజారేది ఇక్కడేనని ఆమెకు తెలుసు. మీరెలా అంటే అలాగేనండీ అంటే సరిపోతుంది. చచ్చినా అనదల్చుకోలేదు.

"నీళ్లు తాగేలా లేకపోతే మీరన్నా వదలను. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననుకోకండి."

మేనేజరు నోరు తెరిచేలోపే పెద్దావిడ అందుకుంది. "రాత్రి షిఫ్టులో ఇక్కడ కెమిస్టు ఒక్కరే ఉంటారు. ఎవరు ఫోన్ చేసి బెదిరించినా వదలని మనిషే నాకు కావాలి. ఎప్పుడు చేరతారు?"

సాయంత్రం ఆ మాట విని బావగారు తల ఎగరేశాడు. "అంతా మా తమ్ముడి అదృష్టం!"

"కాదు బావగారూ. ఈ ఉద్యోగం నేనే తెచ్చుకున్నాను."

అత్తగారు మురిసిపోయింది. అంతలోనే గుర్తొచ్చి, "ఇక ఆ నోరేదో అక్కడే వాడుకో. ఇంట్లో కాస్త తగ్గించు" అంది.

"తగ్గించను" అంది కోడలు.