పరీక్షకు పోయిన అంగీ

మా ఊరి ఆసుపత్రికి టీబీ తేల్చే యంత్రం విదేశాల సాయంతో వచ్చింది. కోసిగి పక్కనున్న మా ఊరికి వాన కూడా అంత దూరం నుంచి రాదు. యంత్రం మీద వరసగా అతికించిన జెండాలు చూసి, నెలల తరబడి దగ్గుతున్న మా చిన్నాయన, "మన దగ్గు శానా దూరం ఇనపడిందప్పా" అన్నాడు.

దాని పనితీరు చూడటానికి ఆ దేశాలవాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. చుట్టాలొస్తే ఇల్లు సర్దుతాం కదా, ఊరూ అదే చేసింది. వీధులు ఊడ్చి, కళ్లాపి చల్లి, దగ్గేవాళ్లందరినీ చేన్లకాడి పాకలకు పంపింది. పెద్దమనుషులకు అందులో తప్పేమీ కనిపించలేదు. చిన్నాయనకూ కనిపించలేదు.

"సుట్టాలొస్తే సినిగిన దుప్పటి దాసిపెడ్తాం గదప్పా. వాళ్లు పోయినాంక సూపిచ్చుకుంటాలే."

పోతూపోతూ తన పండగ అంగీ మా నాయనకిచ్చాడు. నాయనకు మంచిది లేదు మరి.

ఆ రోజు ఊళ్లోని గట్టి మనుషులంతా తలకు నూనె రాసుకుని వరసలో కూర్చున్నారు. కఫం తెమ్మంటే ఎవరికీ రాదు. మా నాయన కళ్లలో నీళ్లు తిరిగేదాకా తంటాలుపడి ఇంత ఉమ్మాడు. ఎవరికీ జబ్బు లేదని యంత్రం చెప్పింది. వచ్చినవాళ్లు సంతోషంగా చప్పట్లు కొట్టి, అందరితో ఫొటో దిగి వెళ్లిపోయారు.

సాయంత్రం నేను పాకకు అన్నం తీసుకుపోయి ఇదంతా చెప్తే చిన్నాయన నవ్వాడు. సగంలోనే నవ్వు దగ్గయింది.

"నా అంగీకి జబ్బు ల్యాదంట. సగం బతికినట్టే."

మరునాడు ఆసుపత్రికి పోదామనుకున్నాడు. తెల్లారకముందే సుగ్గి బండి వచ్చింది. గుంటూరు పక్క మిరప కోతలకు మావాళ్లను తీసుకుపోయే బండి అది, ఎవరి దగ్గు కోసమూ ఆగదు. యంత్రం యాడికీ పోదులే అంటూ ఎక్కాడు. అది నిజంగానే ఎక్కడికీ పోలేదు.

మిరప ఘాటుకు అక్కడ అందరూ దగ్గుతారు. ఆయన దగ్గు ఎవరికీ వేరుగా వినపడలేదు. కోతలు ముగియకముందే ఆయన్ని దుప్పటి కప్పి తెచ్చారు. కొత్త దుప్పటే.

తర్వాత ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలని ఆసుపత్రివాళ్లు అన్నారు. చిన్నమ్మను నేనే తీసుకెళ్లాను. ఆ రోజు దిగిన ఫొటోను పెద్దది చేసి, అద్దం కట్టించి ఆసుపత్రి గోడకు తగిలించారు. అందులో ఊరంతా నవ్వుతోంది. చిన్నమ్మ దాని ముందు నిలబడిపోయింది.

"మీ చిన్నాయన యాడుండాడప్పా దీంట్లో?"

నేను మా నాయన మీది అంగీ చూపించాను. ఆమె దగ్గరికి జరిగి కొంగుతో అద్దం తుడిచింది.

"పై గుండీ ఊడిపోయిండాది. ఒగ మాట చెప్పింటే కుట్టిచ్చింటి గదప్పా."