విషం కాదు, నూకలు

మా రసాయనశాల పెద్ద, పశువుల దాణాలో సారమెంతో కొలిచి చెప్పిన దావీదుగారు మొన్న ఆదివారం తెల్లవారేసరికి దివంగతులయ్యారు. కబురు విని నిశ్చేష్టురాలినయ్యాను. తరవాత, ఎవరేమనుకున్నా సరే, తెరిపిన పడ్డాను. ఉబ్బసంతో ఏడాదిగా కూర్చునే కునుకు తీసిన మనిషి చివరికి హాయిగా పడుకుని వెళ్ళిపోయారు.

మహామేధావి అని రాస్తే ఆయనే కొట్టేసేవారు. రాయను. మొండి మనిషి. తేమ, బూడిద, మాంసకృత్తులు, కొవ్వు, పీచు కొలిచి, నూరులోంచి తీసివేయగా మిగిలినదాన్ని పిండిపదార్థమనడం మా రసాయనశాల ఆనవాయితీ.

"మిగిలిందల్లా పిండేనా? తీసివేత చేసి సంతకం పెట్టడానికి మనమెందుకు?" అని నిలదీసేదాన్ని.

"నోటి పదును కొలిచే పరికరముంటే ముందు నిన్నే కొలుద్దునమ్మా!" అని నవ్వేవారు. నవ్వి ఊరుకోలేదు, నాటినుంచి పిండిని నేరుగానే కొలిచారు.

ఆ పట్టుదల ఒక ప్రాణం కాపాడింది. నిజాం మీద పోలీసు చర్య జరిగిన రోజులు. బోయిగూడలో మల్లయ్య పాడిగేదెలు రెండు కడుపుబ్బి చచ్చాయి. దాణా అమ్మిన మస్తాన్ సాబు విషం కలిపాడన్నారు. ఆనాడు ఆ పేరుగలవాడి మీద ఆ మాట చాలు. ఠాణాలో పెట్టారు, బయట గుంపు కాచుకుంది.

దావీదుగారు బస్తాలోది, తొట్టిలోది, చచ్చిన గేదె పొట్టలోది తెప్పించి పరీక్షించారు. ఎందులోనూ విషం లేదు. బస్తాలోది ఎప్పటి దాణాయే. తొట్టిలోదాంట్లో మాత్రం పిండి విపరీతం. పొట్టలోది పులిసి కంపు.

"గడ్డి వేశావా మల్లయ్యా?"

"గడ్డిబండ్లు యాడొచ్చినయి సారూ? ఆకలికి ఒర్రుతుంటే పాణం ఆగలే. ఇంట్ల నూకలుంటే ఉడకేసి కడుపునిండ పెట్టిన."

"నువ్వు పెట్టిన విందేనయ్యా వాటిని చంపింది. గడ్డి లేకుండా అంత పిండి పడితే పొట్ట పులిసిపోతుంది."

మల్లయ్య నెత్తి బాదుకున్నాడు. దావీదుగారు అతణ్ణి వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్ళారు. పరీక్ష కాగితం ఇచ్చి పొమ్మని పోలీసులంటే మెట్ల మీదే చతికిలబడ్డారు. "కాగితంతో పాటు నేనూ ఇక్కడే ఉంటాను. సాబును వదలండి" అన్నారు, ఎగశ్వాసతోనే.

మల్లయ్య గుంపుకేసి తిరిగి, "తప్పు నాది! సాబుది కాదు!" అని అరిచాడు. సాయంత్రానికి మస్తాన్ సాబు బయటికొచ్చి, "నా గిరాకీ గేదెల్ని నేనే సంపుకుంటనా సారూ?" అని ఏడుస్తూ నవ్వాడు.

మొన్న దావీదుగారి శవపేటికను మోసింది ఆ మస్తాన్ సాబు బండే. సమాధుల తోట వాకిట ఎడ్లకు మేత వేస్తున్నాడు మల్లయ్య.

"ఏం మల్లన్నా, నూకలు గిట్ల తెచ్చినవా ఏందీ?"

"పో సాబూ! ఎండుగడ్డే. జెర ఎక్కువైతే చెప్పేటందుకు సారు లేడు గద."

ఏడుస్తున్న మేమందరం నవ్వాం. బతికున్న మస్తాన్ సాబు బండి తోలుకుంటూ ఇంటికి మళ్ళాడు. ఆ సత్యనిష్ఠకు ఇంతకు మించిన నివాళి నా చేతకాదు. రేపు రసాయనశాల తెరవాలి. మళ్ళీ ఎవరో తీసివేత చేసి సంతకం పెడతారు. నేను నిలదీస్తాను. నవ్వి, కొలవడానికి కూర్చునే ఆయన మాత్రం ఉండరు.