గేటు పెట్టెలో మోగిన హెచ్చరిక

మధ్యాహ్నం ఒకటీ నలభైకి ఫోను మూడుసార్లు మోగింది. కోలార్ జిల్లా వేమగల్ దగ్గరి ఊళ్లో పిల్లమ్మ పట్టుపురుగుల షెడ్డులో కరెంటు పోయి, ఫ్యాను ఆగి, వేడి ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటిందని హెచ్చరిక. ఆ ఫోను పిల్లమ్మ మొగుడు మారప్పది. మారప్ప నరసాపురంలో ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నాడు. అక్కడ ఫోన్లు లోపలికి పోనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. హెచ్చరిక ఆ పెట్టెలో మోగి ఆగిపోయింది.

అదే సమయానికి పిల్లమ్మ షెడ్డుకు వంద అడుగుల దూరంలో మల్బరీ ఆకు కోస్తోంది. తెలిసుంటే పరుగెత్తుకొచ్చి కిటికీలకు తడి గోనెసంచులు కట్టేది. ఇంకో రెండు రోజుల్లో గూళ్లు కట్టాల్సిన పురుగులవి. సాయంత్రానికి ఆకు ముట్టలేదు. మూడో రోజుకు మెత్తబడి నల్లగా చచ్చిపోయాయి.

వాటిని గుంతలో పూడుస్తుండగా నేత్రావతి వచ్చింది. వేడి పెరిగితే ఫోనుకు హెచ్చరిక పంపే, షెడ్డు గోడకున్న బ్యాటరీ తెల్ల పెట్టెను తయారుచేసింది ఆమే.

"ఎర్ర లైటు యాడ పోయిందమ్మా?" అంది పిల్లమ్మ. "నువ్వు మొదట తెచ్చి చూపించినప్పుడు ఉన్నింది గదా. గట్టిగా అరిచేది గూడా ఉన్నింది."

"తీసేసినారక్కా."

"మగోడి జేబులో మోగితే నాకెట్ల వినబడతాది? ఆయప్ప వాకిట్లో నిలబడి పిలిస్తేనే నాకు వినబడదు."

నేత్రావతికి నవ్వు రాలేదు. పార తీసుకుని మట్టి తోసింది.

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులు పరీక్షిస్తుంది. పురుగులు మేపే ఇంట్లోనే పెరిగింది. పురుగులు పొర విడిచే వేళ వాటి మీద సున్నం చల్లుతారు. ఆ చేతులతో ఎవరూ ఫోను ముట్టరు. అమ్మ చేతులు చూసే ఆమె ఆ పెట్టెను గీసింది. చదవక్కర్లేదు, తాకక్కర్లేదు. పచ్చ లైటు, ఎర్ర లైటు, తోట దాకా వినబడే బజర్, అంతే. అంతకు రెండేళ్లు పట్టింది.

పెట్టెను కోలార్‌లో ఫోటో స్టూడియో మీది గదికి తీసుకుపోయింది. యాప్‌లూ యంత్రాలూ చేసే పదిహేనుమంది ఆదివారాలు అక్కడ కూడతారు. అందులో ఆడవాళ్లు ముగ్గురు. టీ ఎవరు తెప్పించాలన్న చర్చ అక్కడ ఎన్నడూ జరగలేదు. గుంపుకు పెద్ద అంబరీష్ లైట్లు చూసి, "ఆటబొమ్మ మాదిరి ఉండాది. యాప్ అయితే బెంగళూరులో డబ్బు పెట్టేవాళ్లకు చూపించొచ్చు" అన్నాడు. లైట్లూ బజర్లూ పీకించి, యాప్ జోడించి, నలభై రెండు షెడ్లలో పెట్టెలు బిగించారు. ప్రచారానికి వేసిన పోస్టరు మీద 'డిజైన్: అంబరీష్'. నేత్రావతి పేరు కింద 'ఊళ్ల సమన్వయం'. ఆమె అప్పుడు నోరు మూసుకుంది. ఇప్పుడు ఆ మౌనం మీదే ఆమెకు ఎక్కువ కోపం.

ఆ ఆదివారం గదిలో ఆమె కూర్చోలేదు.

"మెసేజ్ పోయిండాది, చూడు," అని అంబరీష్ ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "డెలివర్డ్ అని ఉండాది. మన తప్పేం లేదు."

"యాడికి డెలివర్డ్ అప్పా? గేటు పెట్టెలోకి. నలభై రెండు నంబర్లూ చూసినాను. ఆడోళ్లవి రెండే. పురుగులు మేపేది ఎవరు, నువ్వా?"

"ఇంటి నంబరు ఇమ్మంటే వాళ్లే ఇచ్చినారు."

"ఇంట్లో ఉండే మనిషి నంబరు అడిగినావా?"

అంబరీష్ గొంతు తగ్గించాడు. "గురువారం బెంగళూరులో చూపించాల. అది అయిపోనీ, లైట్ల సంగతి మాట్లాడదాం."

"గురువారానికి ఇంకెవరి పురుగులు చావాల?"

పీకేసిన లైట్లూ బజర్లూ బల్ల కింద అట్టపెట్టెలో ఉన్నాయి. నేత్రావతి దాన్ని ఎత్తి చంకన పెట్టుకుంది.

"అది గుంపుది," అన్నాడు అంబరీష్.

"పోస్టరు గుంపుది. అది నువ్వే పెట్టుకో."

ముగ్గురు ఆడవాళ్లలో ఒకతె, కేజీఎఫ్ నుంచి వచ్చే సెలీనా లేచి, టంకం పెట్టే కడ్డీని సంచీలో వేసుకుంది. "టీ మీరే తెప్పించుకోండి సార్," అని నేత్రావతి వెనకే మెట్లు దిగింది.

మొదటి ఎర్ర లైటు పిల్లమ్మ షెడ్డుకే బిగించారు. నేత్రావతికి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పడిన వారం అది. పగలు నిద్ర మానుకుని సెలీనాతో తిరిగింది. శనివారానికి పదకొండు షెడ్లు అయ్యాయి. ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయి.