ఎర్ర వరసల అక్క

తెర మీద జావాస్క్రిప్ట్ ఎర్రర్ ఎర్రగా కనబడితే చాలు, ఆఫీసంతా అక్క అని పిలిచే ఆ ప్రోగ్రామరుకి ప్రాణం లేచొస్తుంది. చెప్పులు విడిచి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని, ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో స్టాక్ ట్రేస్‌లో చిటికెనవేలితో వరసవరసా తడుముతూ కిందికి దిగుతుంది. ఆరోజు ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల పేజీ ఆగిపోయింది. మొదటి వరసలో ఉన్నది పక్కసీటు బాబాయి ఫైలు. అందరూ ఆయన వైపే చూశారు; ఆయన మొహం మాడిపోయింది. "కంగారుపడకండి బాబాయ్! పేలింది మీ దగ్గర, నిప్పంటించింది ఇంకెవరో," అంటూ అక్క వేలు దించింది. ఐదో వరస దగ్గర ఆగి, ఆ ఫైలు తెరిచి, ఎగిరి గంతేసింది. "దొరికింది! బాబాయ్ ఫైలుకి ఖాళీ తేదీ పంపిన మహాతల్లి నేనే!" చెప్పులు కూడా మరిచి, తనకంటే ముందు ఇంకెవరైనా చెప్పేస్తారేమోనన్నట్టు మేనేజరు గదిలోకి పరుగెత్తింది.